నియో జియో ఎంవీఎస్ బోర్డు మరమ్మతు: సప్లై నుంచి ర్యామ్ దాకా

జపాన్ ఆటల కంపెనీ ఎస్‌ఎన్‌కే 1990లో విడుదల చేసిన నియో జియో ఎంవీఎస్ ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్) బోర్డుల్లో తొలినాటివి ముప్పై ఏళ్ళు దాటేశాయి. మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 లాంటి ఆటలు నడిచింది వీటి మీదే. ఇంత పాతవైనా, చచ్చిపోయిందని పక్కన పడేసిన బోర్డుల్లో చాలావాటికి మళ్ళీ ప్రాణం పోయవచ్చు. ఆన్ చేయగానే బోర్డు తనను తానే పరీక్షించుకుని, తప్పు ఎక్కడుందో తెర మీద రాసి చూపిస్తుంది. దాన్ని చదవడం నేర్చుకోవాలి. చదవకుండా అనుమానం వచ్చిన ఐసీనల్లా (చిప్‌నల్లా) పీకేస్తే, మొదట ఉన్న ఒక్క లోపానికి మనం తెచ్చిపెట్టిన పది లోపాలు తోడవుతాయి. కొలవకుండా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకూడదన్నదే ఈ మార్గదర్శి అంతటికీ నియమం.

ఇక్కడ చెప్పేది ఒకే కాట్రిడ్జ్ (ఆట ఉండే పెట్టె) పట్టే ఎంవీ-1 రకం బోర్డులకు. 2, 4, 6 స్లాట్‌ల బోర్డులకూ పద్ధతి ఇదే. వాటిలో స్లాట్‌లను మార్చే ఐసీలు అదనంగా ఉంటాయి.

బల్ల మీద ఉండాల్సినవి

మల్టీమీటర్, లాజిక్ ప్రోబ్ (సిగ్నల్ పైన ఉందో కింద ఉందో చూపే పరికరం) తప్పనిసరి. ఆసిల్లోస్కోప్ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసే పరికరం) ఉంటే పని సగానికి సగం తగ్గుతుంది, 20 మెగాహెర్ట్జ్‌ది కూడా చాలు. వీటితోపాటు 63/37 సీసం సోల్డర్, ఫ్లక్స్, డీసోల్డరింగ్ పంపు, సన్నని 30 గేజి ఇన్సులేటెడ్ వైరు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తెల్ల వెనిగర్, పాత టూత్ బ్రష్ సిద్ధం చేసుకోండి. మామూలు ఐసీలు, సాకెట్లు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో వెతకవచ్చు. ఎస్‌ఎన్‌కే సొంతంగా చేయించుకున్న ఐసీలు మాత్రం మరో పాడైన బోర్డు నుంచి తీయాల్సిందే.

బోర్డును క్యాబినెట్‌లోనే ఉంచి పరీక్షించకండి. అందులో ఉండే సీఆర్‌టీ (పాత టీవీల్లాంటి గాజు గొట్టం) మానిటర్ యానోడ్ మీద 20 వేల వోల్టుల పైనే ఉంటుంది. ఆపేసిన తర్వాత కూడా ఆ చార్జ్ మిగిలే ఉంటుంది. 230 వోల్టుల మెయిన్స్‌కు తగిలించిన పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే వైపు కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. అందుకే బోర్డు బయటికి తీసి, బల్ల మీద విడిగా ఒక జామా కనెక్టర్ (చాలా ఆర్కేడ్ బోర్డులకు ఉమ్మడిగా పనికొచ్చేది), ఒక ఆర్కేడ్ పవర్ సప్లై పెట్టుకోండి. బయటి దేశం నుంచి తెప్పించిన సప్లై అయితే 115/230 స్విచ్ 230 మీద ఉందో లేదో ప్లగ్ పెట్టకముందే చూడండి. జపాన్ క్యాబినెట్లు 100 వోల్టులకు తయారైనవి, వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

తెర విషయానికొస్తే, ఈ బోర్డు ఇచ్చేది 15.6 కిలోహెర్ట్జ్ ఆర్‌జీబీ. కంప్యూటర్ మానిటర్‌కు సాధారణంగా 31 కిలోహెర్ట్జ్ కావాలి కాబట్టి నేరుగా తగిలిస్తే బొమ్మ రాదు. జీబీఎస్-8200 లాంటి కన్వర్టర్ బోర్డు మధ్యలో పెడితే సరిపోతుంది. బొమ్మ రాకపోవడానికి మానిటర్ కారణమా, బోర్డు కారణమా అన్నది ముందే తేలాలి. బాగున్న జామా బోర్డు ఇంకొకటి ఉంటే దాన్ని అదే కనెక్టర్‌కు పెట్టి చూడటం అన్నిటికన్నా తేలిక.

సప్లై

కరెంటు ఇవ్వకముందు 5 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య నిరోధం చూడండి. జామా కనెక్టర్‌లో ఒక వైపు కాంటాక్టులకు అంకెలు, రెండో వైపు వాటికి ఇంగ్లిష్ అక్షరాలు. 1, 2, ఏ, బీ గ్రౌండ్. 3, 4, సీ, డీ 5 వోల్టులు. 6, ఎఫ్ 12 వోల్టులు. మీటర్ ఒకటి రెండు ఓమ్‌లు చూపితే షార్ట్ ఉన్నట్టే. సాధారణంగా షార్ట్ అయ్యేది కెపాసిటరో, తలకిందులుగా పెట్టిన ఐసీయో.

కనెక్టర్ తిరగేసి పెట్టడం వల్ల పాడైన బోర్డులూ తక్కువేం కాదు. మొత్తం 28 వరసల్లో తిరగేసినప్పుడు 6వది 23వ దానికి ఎదురవుతుంది. అంటే 12 వోల్టులు నేరుగా రెండో బటన్ లైనులోకి పోతాయి. గ్రౌండ్ రెండు కొసలా ఉండటంతో బోర్డు వెంటనే కాలిపోదు. కానీ బటన్లు చదివే ఐసీలు పోతాయి. అందుకే 7వ స్థానంలో కీ ముక్క పెట్టని కనెక్టర్ వాడకండి. కాట్రిడ్జ్ కూడా కరెంటు ఉండగా పెట్టడం, తీయడం చేయకూడదు.

ఇప్పుడు ఆన్ చేసి వోల్టేజి కొలవండి. సప్లై దగ్గర కాదు, బోర్డు మీదే కొలవాలి. ర్యామ్ ఐసీల్లో (ఆట నడుస్తుండగా డేటా దాచుకునే మెమరీ చిప్‌లు) 28 కాళ్ళవాటికి 28వ కాలు ప్లస్, 14వది గ్రౌండ్. వర్క్ ర్యామ్ (ప్రధాన ప్రాసెసర్ వాడుకునే ర్యామ్) మీద 4.95 నుంచి 5.10 వోల్టుల మధ్య ఉండాలి. 4.75 కన్నా తగ్గితే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది, లేనిపోని ర్యామ్ తప్పులు చూపిస్తుంది. ఆ తప్పులను నమ్మి ర్యామ్ మార్చేవాళ్ళు ఉంటారు, పాపం ఆ ర్యామ్‌లో ఏ లోపమూ ఉండదు. 5.25 దాటనివ్వకండి. సప్లై దగ్గర 5.10 ఉండి బోర్డు మీద 4.80 ఉంటే ఆ తేడా తీగల్లోనో, కనెక్టర్‌లోనో పోతోంది. బోర్డు అంచు కాంటాక్టులు గోధుమరంగుకు మారాయేమో చూడండి. ఆల్కహాల్‌తో తుడిచి, తెల్ల రబ్బరుతో రుద్దండి. గరుకు కాగితం వాడితే బంగారు పూత పోతుంది. 5 వోల్టులకు, గ్రౌండ్‌కు ఉన్న కాంటాక్టులన్నిటికీ వైర్లు ఉండాలి. ఒక్కదానితో సరిపెడితే అదే వేడెక్కుతుంది.

బ్యాటరీ

ఎంవీఎస్ బోర్డులను చంపేది ఎక్కువగా ఇదే. సెట్టింగులు, స్కోర్లు, గడియారం నిలబెట్టడానికి తొలి బోర్డుల్లో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేశారు. అది కారితే బయటికొచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్ కలిసిన క్షార ద్రవం. రాగి ట్రాకులను తింటుంది, ఐసీ కాళ్ళ వెంట పైకి పాకుతుంది, చిన్న రంధ్రాల గుండా బోర్డు అవతలి వైపుకూ పోతుంది. కారిన గుర్తు కనిపించకపోయినా సరే, బోర్డు చేతికి రాగానే బ్యాటరీ కత్తిరించి తీసేయండి. అది లేకపోయినా ఆట నడుస్తుంది.

కారిన చోట దూదితో వెనిగర్ అద్దండి. క్షారం ఉంటే చిన్న బుడగలు వస్తాయి. రెండు మూడు నిమిషాలు ఉంచి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, ఆపైన ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వెనిగర్ వదిలేస్తే అదీ లోహాన్ని తింటుంది కాబట్టి నీళ్ళతో కడగడం మానవద్దు.

తర్వాత వెలుతురులో ప్రతి ట్రాకునూ చూడండి. ఆకుపచ్చ పూత కింద రాగి నల్లబడి ఉంటే ఆ పూతను బ్లేడుతో మెల్లగా గీకి, మెరిసే రాగి వచ్చేదాకా శుభ్రం చేసి, పల్చగా సోల్డర్ పూయండి. తెగితే 30 గేజి వైరుతో రెండు చివరలూ కలపండి. ట్రాకు ఒకవైపు నుంచి మరోవైపు వెళ్ళే రంధ్రాలను మీటర్ బీప్ (రెండు కొసలూ కలిసి ఉంటే మోగే అమరిక) మీద ఒక్కొక్కటిగా పరీక్షించండి. చూపుకు బాగున్నవే లోపల తెగి ఉంటాయి. ఈ పనికి ఒక పూట పట్టినా పరవాలేదు. బ్యాకప్ ర్యామ్ (బ్యాటరీ నిలబెట్టే ర్యామ్), క్యాలెండర్ తప్పుల్లో అధికభాగం ఇక్కడే తీరిపోతాయి.

తెర ఏం చెబుతోంది

మొదట స్పీకర్ వినండి. సెకనుకు ఏడెనిమిది సార్లు టక్ టక్‌మని శబ్దం, తెర మీద చెత్త బొమ్మ లేదా మెరుపులు ఉంటే అది వాచ్‌డాగ్. బోర్డును నడిపే ప్రధాన ప్రాసెసర్ 68000 ప్రతి 0.13 సెకన్లలోపు 300001 అనే అడ్రస్‌కు ఏదో ఒకటి రాస్తూ ఉండాలి. రాయకపోతే ప్రోగ్రాం దారి తప్పిందని భావించి హార్డ్‌వేరే రీసెట్ కొడుతుంది. కాబట్టి వాచ్‌డాగ్ మోగుతోందంటే ప్రాసెసర్ బయాస్ రామ్‌ను (బోర్డును లేపే ప్రోగ్రాం ఉండే, చదవడానికి మాత్రమే ఉన్న ROM చిప్; ర్యామ్ వేరు) సరిగా చదివి నడపలేకపోతోందని అర్థం.

64 కాళ్ళ డిప్ (రెండు పక్కలా వరసగా కాళ్ళుండే) రకం 68000 ఉన్న బోర్డుల్లో ఈ వరసలో చూడండి. 14, 49 కాళ్ళ మీద 5 వోల్టులు. 15వ కాలు మీద 12 మెగాహెర్ట్జ్ క్లాక్. అది లేకపోతే 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దగ్గరికి వెళ్ళండి. 18వది రీసెట్, 17వది హాల్ట్. రెండూ వాచ్‌డాగ్‌తో పాటు కిందికీ పైకీ (సున్నాకూ 5 వోల్టులకూ మధ్య) ఆడుతుంటాయి. ఎప్పుడూ కిందే ఉండిపోతే రీసెట్ సర్క్యూట్ చూడాలి. 6వ కాలు అడ్రస్ స్ట్రోబ్ (ప్రాసెసర్ అడిగానని చెప్పే సిగ్నల్), 10వది డీటాక్ (జవాబు సిద్ధమని చెప్పే సిగ్నల్). 6 కిందికి దిగి అక్కడే ఆగిపోయి, 10 పైనే ఉంటే, ప్రాసెసర్ అడిగినదానికి జవాబు రావట్లేదు.

బయాస్ రామ్ 40 కాళ్ళది, చాలా బోర్డుల్లో సాకెట్‌లో ఉంటుంది. తీసి, కాళ్ళు శుభ్రం చేసి, గుర్తు గీత సరైన వైపుకు ఉందని చూసి తిరిగి పెట్టండి. ఈ ఒక్క పనితో లేచిన బోర్డులున్నాయి. ఆన్ చేసినప్పుడు దాని 2వ, 20వ కాళ్ళలో కనీసం ఒకదాని మీద పల్స్‌లు ఆడాలి. ఆడుతున్నా వాచ్‌డాగ్ మోగితే రామ్ నుంచి 68000కు అడ్రస్, డేటా లైన్లు ఒక్కొక్కటీ బీప్‌తో చూడండి. లైన్లు ఏవీ తెగకుండా ఉంటే రామ్‌నే అనుమానించాలి. 27సీ1024 ఈప్రామ్‌లో (మనమే ప్రోగ్రాం రాసుకోగల రామ్) ఎంవీఎస్ కోసం తయారైన డయాగ్నస్టిక్ బయాస్ రాసి పెట్టుకోవడం మంచిది. అసలు బయాస్ పైపైన చెప్పి వదిలేసే తప్పులను అది ఐసీ స్థాయిలో విడదీసి చెబుతుంది.

ఇక ర్యామ్ తప్పులు. తెర మీద ఏ ర్యామో చెప్పి, కింద మూడు సంఖ్యలు ఇస్తుంది: అడ్రస్, రాసినది, చదివినది. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకోండి. 100000తో మొదలైతే వర్క్ ర్యామ్, డీ00000తో మొదలైతే బ్యాకప్ ర్యామ్, 400000 అయితే రంగుల ర్యామ్. వర్క్, బ్యాకప్ ర్యామ్‌లు రెండూ 64 కిలోబైట్లే, ఒక్కోదానికి 62256 రకం ఐసీలు రెండేసి. ఒకటి పై బైటు, అంటే మొదటి రెండు అంకెలు. మరొకటి కింది బైటు, అంటే చివరి రెండు.

రాసినది 5555, చదివినది 5551 అనుకుందాం. తేడా చివరి అంకెలోనే ఉంది. 5 అంటే 0101, 1 అంటే 0001. కుడి నుంచి సున్నాతో లెక్కిస్తే రెండో బిట్ పోయింది. కింది బైటు ఐసీకి సంబంధించిన డీ2 లైను అది. 68000 మీద డీ2 అంటే 3వ కాలు. అక్కడ ఒక ప్రోబ్ పెట్టి, రెండోదాన్ని కింది బైటు ర్యామ్ డేటా కాళ్ళ మీద (11, 12, 13, 15 నుంచి 19) జరుపుతూ పోండి. ఎక్కడా బీప్ రాకపోతే ట్రాకు తెగింది, ర్యామ్‌ను ముట్టుకోనక్కర్లేదు. బీప్ వస్తే ఐసీ పోయి ఉండే అవకాశం ఎక్కువ.

అదే 5555 రాస్తే ఎఫ్‌ఎఫ్55 (ఎఫ్ అంటే 1111) వచ్చిందనుకోండి. పై బైటు మొత్తం పలకట్లేదు. ఒక ఐసీలో ఎనిమిది బిట్లూ ఒక్కసారే పాడవడం అరుదు. దాని సప్లై, 20వ కాలు చిప్ ఎనేబుల్, 22వ కాలు అవుట్‌పుట్ ఎనేబుల్ చూడండి. నాలుగు అంకెలూ ఎఫ్‌లే అయితే రెండు ఐసీలకూ ఉమ్మడిగా వచ్చే లైన్ల మీద దృష్టి పెట్టాలి. రెండు ఐసీలనూ మార్చడానికి అప్పుడే తొందరపడకూడదు. రాసినది ఎప్పటికీ నిలవకపోతే 27వ కాలు రైట్ ఎనేబుల్ మీద పల్స్ ఉందా అని కూడా చూడండి.

బ్యాకప్ ర్యామ్‌లో ఇంకో మెలిక ఉంది. దాని 28వ కాలుకు కరెంటు నేరుగా రాదు, బ్యాటరీకీ మెయిన్ సప్లైకీ మధ్య మార్చే డయోడ్లు, ట్రాన్సిస్టర్ గుండా వస్తుంది. బోర్డు ఆన్‌లో ఉండగా అక్కడ 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. మూడు వోల్టులే ఉంటే ఆ మార్పిడి సర్క్యూట్‌ను క్షారం తినేసినట్టు. దాని చుట్టూ ఉండే చిన్న లాజిక్ ఐసీల కాళ్ళూ చూడండి.

క్యాలెండర్ తప్పు వస్తే యూపీడీ4990ఏ గడియారం ఐసీ, దాని పక్కనున్న 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ చూడాలి. క్రిస్టల్ చవక, ముందు దాన్ని మార్చండి.

జెడ్80 ఎర్రర్ అంటే శబ్దం చూసుకునే రెండో ప్రాసెసర్ నుంచి 68000కు సమాధానం రాలేదని అర్థం. జెడ్80 నడిపే ప్రోగ్రాం కాట్రిడ్జ్‌లో కూడా ఉంటుంది. కాబట్టి తప్పు చాలాసార్లు మురికి పట్టిన స్లాట్‌దే. కాట్రిడ్జ్ రెండు బోర్డుల అంచులూ ఆల్కహాల్‌తో తుడిచి, స్లాట్‌లో నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. ఇంకో కాట్రిడ్జ్‌తోనూ చూడండి. అయినా పోకపోతే జెడ్80 కొలవాలి: 11 మీద 5 వోల్టులు, 29 గ్రౌండ్, 6 మీద 4 మెగాహెర్ట్జ్, 26 రీసెట్ పైన ఉండాలి, 27వ కాలు ఆడుతూ ఉండాలి. 27 ఆడి, కొద్దిసేపటికి 18వ కాలు కిందికి దిగి నిలిచిపోతే ప్రాసెసర్ తప్పుడు డేటా చదివి ఆగిపోయింది. దాని 2 కిలోబైట్ల ర్యామ్‌ను, డేటా లైన్లను చూడండి.

బొమ్మ వస్తుంది గానీ సరిగా లేదు

అక్షరాలు బాగుండి, మనుషులూ వెనకటి దృశ్యాలూ గీతలు గీతలుగా ఉంటే స్ప్రైట్ల (అంటే ఆ బొమ్మల) డేటా వచ్చే దారిలో తప్పు. ముందు అనుమానించాల్సింది స్లాట్‌నే. పిన్నులు కొన్ని లోపలికి వంగి ఉంటాయి, సన్నని సూదితో సవరించవచ్చు. అక్షరాలే పాడై స్ప్రైట్లు బాగుంటే కాట్రిడ్జ్‌లోని అక్షరాల రామ్, దాని లైన్లు.

ఒక రంగు పూర్తిగా లేకపోతే అది పెద్ద లోపం కాకపోవచ్చు. ఎరుపు జామా 12, ఆకుపచ్చ ఎన్, నీలం 13, సింక్ (బొమ్మను తెర మీద నిలిపే సిగ్నల్) పీ, వీడియో గ్రౌండ్ 14. ఆ కాంటాక్టు దగ్గర సిగ్నల్ ఉంటే తప్పు తీగలోనో మానిటర్‌లోనో ఉంది. రంగు ఉండి, మెట్లు మెట్లుగా కనిపిస్తే ఆ రంగు రెసిస్టర్లలో ఒకదాని సోల్డర్ వదిలింది. రంగులన్నీ తారుమారైతే రంగుల ర్యామ్. బొమ్మ నిలవకుండా దొర్లితే సింక్ చూడండి.

బటన్లు, శబ్దం

నొక్కనప్పుడు ప్రతి బటన్ లైను మీద దాదాపు 5 వోల్టులు, నొక్కితే సున్నా. నొక్కకుండానే కిందికి ఉంటే పుల్అప్ రెసిస్టర్ (లైనును 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచేది) వరస గానీ, ఇన్‌పుట్ ఐసీ గానీ పోయింది. డీ బటన్ ఒక్కటే పనిచేయకపోతే బోర్డు తప్పు కాదు. మామూలు జామా తీగల్లో మూడు బటన్లే ఉంటాయి, ఎంవీఎస్‌కు నాలుగోది 25, సీ స్థానాలకు వేరుగా కలపాలి. ఇక్కడి సీ చిన్నక్షరం, 5 వోల్టులు వచ్చే పెద్ద సీ వేరే. కలిపే ముందు స్థానం రెండుసార్లు లెక్కించండి.

శబ్దం బొత్తిగా లేకపోతే ముందు 12 వోల్టులు కొలవండి. యాంప్లిఫయర్‌కు వెళ్ళేది అదే. బరబరమంటూ వస్తే యాంప్లిఫయర్ చుట్టూ ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చండి, విలువ అదే ఉండాలి, వోల్టేజి కాస్త ఎక్కువైనా పరవాలేదు.

ఐసీ మార్చేటప్పుడు

తీసేది పోయిన ఐసీ అని ఖాయమైతే దాన్ని కాపాడాలని చూడకండి. కాళ్ళన్నీ కట్టర్‌తో కత్తిరించి శరీరం తీసేసి, మిగిలిన కాళ్ళను ఒక్కొక్కటిగా వేడి చేసి లాగండి. కాపాడాల్సింది బోర్డు. ఐరన్ 340 నుంచి 360 డిగ్రీల మధ్య ఉంచండి. ముందు కొత్త సోల్డర్ కొంచెం కలిపితే పాతది తేలిగ్గా కరుగుతుంది. గ్రౌండ్, 5 వోల్టుల కాళ్ళు వేడిని గుంజుకుంటాయి, వాటికి ఎక్కువసేపు పడుతుంది. కరగకముందే లాగితే రంధ్రంలోని రాగి గొట్టం ఊడి వస్తుంది. డిప్ ఐసీ అయితే తిన్నగా సోల్డర్ చేయకుండా గుండ్రని పిన్నుల సాకెట్ పెట్టండి. పెట్టాక ప్రతి కాలుకూ బీప్ చూసి, పక్క కాళ్ళతో షార్ట్ లేదని తేల్చుకున్నాకే ఆన్ చేయండి.

అనుమానం ఉన్న ఐసీ మీద అదే రకం మంచి ఐసీని కాళ్ళు తగిలేలా కూర్చోబెట్టి చూసే అలవాటు ఉంది. పాతది లోపల తెగి ఉంటేనే అది పనిచేస్తుంది. అవుట్‌పుట్ కిందికో పైకో బిగుసుకుపోయి ఉంటే రెండు ఐసీలూ పోట్లాడుకుంటాయి. అలా పెట్టినా మార్పు రాలేదంటే ఐసీ బాగుందని నిర్ధారణకు రాకండి.

కొత్త బ్యాటరీ

సీఆర్2032 బిళ్ళ పెట్టాలనుకుంటే చార్జింగ్ దారిని ముందు తెంచాలి. పాత బ్యాటరీని చార్జ్ చేసే రెసిస్టర్ తీసేసి, బిళ్ళకు వరసలో (కరెంటును ఒకవైపే పోనిచ్చే) ఒక షాట్కీ డయోడ్ పెట్టండి. చార్జ్ చేయకూడని లిథియం బిళ్ళలోకి కరెంటు పంపితే అది ఉబ్బి పగిలిపోవచ్చు. పెట్టాక, బోర్డు ఆన్‌లో ఉండగా బిళ్ళలోకి కరెంటు వెళ్ళట్లేదని మిల్లీయాంప్ మీటర్‌తో చూడండి. బిళ్ళను బోర్డుకు అంటించకుండా చిన్న తీగలతో క్యాబినెట్ పక్కకు తేవడం ఇంకా మంచిది.

అన్నీ సరిచేశాక టెస్ట్ మెనూలో బొమ్మ, రంగులు, బటన్లు, శబ్దం ఒక్కొక్కటీ చూసి, ఆటను తనంతట తాను ఆడుకునేలా రెండు గంటలు వదిలేయండి. వేడెక్కాక మాత్రమే బయటపడే లోపాలు ఆలోపు కనిపిస్తాయి. ఆ రెండు గంటల తర్వాత 5 వోల్టులు మళ్ళీ వర్క్ ర్యామ్ మీద కొలవండి. 4.90 కన్నా దిగితే కనెక్టర్ మీద వేలు పెట్టి చూడండి, వేడిగా తగిలిన కాంటాక్టే మార్చాల్సింది.